కుర్చీ కదపకూడని ఇల్లు

హైదరాబాద్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ అందరూ చార్మినార్ చూశావా అని అడుగుతున్నారు. చూడలేదు. ఊళ్ళో ఉన్నన్ని రోజులూ ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్, షేక్‌పేటల మధ్యే తిరిగాను. నేను వెళ్ళింది దయ్యాల కొంప వెతకడానికి. అలాంటివి కట్టేవాళ్ళంతా ఉండేది అక్కడే.

రాజమండ్రిలో నేనూ, నా స్నేహితుడు వాసూ కలిసి ఒక చిన్న హారర్ గేమ్ చేస్తున్నాం. వాసు వాళ్ళింటి వెనక గదే మా ఆఫీసు. కోడ్ మొత్తం వాసు రాస్తాడు. నాది ఎన్విరాన్‌మెంట్ ఆర్ట్. అంటే గేమ్‌లో మనుషులు తప్ప మిగతాదంతా, గోడ నుంచి గోడ మీది మరక దాకా, నేనే తయారు చేస్తాను. దయ్యానికి ఇల్లు కట్టిపెట్టడం నా పని, దాన్ని అందులో తిప్పడం వాసు పని. మా అమ్మ మాత్రం చుట్టాలతో "మా సునీత బొమ్మలేస్తుంది" అని చెప్పి వెంటనే కాఫీలు తెస్తానని లేస్తుంది.

కొన్ని నెలలు కష్టపడి ఒక ఇల్లు కట్టాను. బూజు, పగిలిన కిటికీలు, ఊగే దీపం, మెట్ల మీద నెత్తురు, అన్నీ పెట్టాను. వాసు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇల్లంతా తిరిగి వచ్చి, "బాగుంది సునీతా. సున్నం కొట్టిస్తే అద్దెకివ్వచ్చు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక అసలు మాట చెప్పాడు. బెంగళూరు కంపెనీ వాళ్ళు వాడిని రమ్మంటున్నారు, సోమవారం జవాబు చెప్పాలి.

"ఈలోపు ఆ ఇంట్లో అడుగుపెట్టడానికి నాకు భయం వెయ్యాలి. వేస్తే ఉంటాను. లేకపోతే ఇంక సాగదీసుకుని లాభం లేదు" అన్నాడు.

వాసు వెళ్ళిపోతే గేమ్ ఉండదు. నాకు తలుపు గీయడం వచ్చు గానీ దాన్ని తెరిపించడం రాదు. నా బొమ్మలన్నీ కంప్యూటర్‌లో అలా పడి ఉండాల్సిందే. మా గేమ్‌లో మొదటిసారి భయపడింది నేనే, అదీ ఆ రోజు.

ఫిల్మ్ నగర్ ఎత్తు మీద

సినిమా వాళ్ళు తరతరాలుగా జనాన్ని భయపెడుతున్నారు, వాళ్ళెలా కడతారో చూసొద్దామని బయల్దేరాను. ఫిల్మ్ నగర్‌లో ఎడిటింగ్ చేసే మా పెద్దమ్మ కొడుకు ఇద్దరి పేర్లు చెప్పాడు. ఒకరు సెట్లు వేసే యాదగిరి. రెండోవారు తన ఇంటిని షూటింగులకిచ్చే కామేశ్వరి గారు.

ఆటో ఎక్కగానే డ్రైవర్ అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"సినిమాలల్ల చేస్తవా అక్కా?"

"లేదు, దయ్యాల ఇల్లు చూద్దామని వచ్చాను."

ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "గిక్కడ దయ్యాలు యాడుంటయ్ అక్కా. గీ జాగల కిరాయి ఎంతుందో ఎర్కేనా? గవ్విటితోని గాదు. ఉంటే గింటే షేక్‌పేట దిక్కు పోయుంటయ్" అన్నాడు.

మా ఊళ్ళో దయ్యాలు ఊరికే ఉంటాయి. ఇక్కడ వాటికీ ఇంటి సమస్యే అనుకున్నాను.

యాదగిరి పెద్ద రేకుల షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. షేక్‌పేట మనిషి, నలభై దాటి ఉంటాయి, చెవి వెనక పెన్సిల్. లోపల పాడుబడ్డ బంగళా సెట్టు ఉంది. బూజు ఎలా పట్టిస్తారో చూపించాడు. రబ్బరు జిగురుని చిన్న ఫ్యానులాంటి దానితో ఊదితే దారాలు దారాలుగా వెళ్ళి మూలలు పట్టుకుంటుంది. దుమ్ము కోసం వాడేది ఆడవాళ్ళు మొహానికి రాసుకునే ముల్తానీ మట్టి. దాంతో ఆ దయ్యాల కొంపంతా బ్యూటీ పార్లర్ వాసన కొడుతోంది. పై అంతస్తులో దయ్యం మంచం మీద ఒక లైట్‌మన్ గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

"మస్తు సల్లగుంటది మేడం. మధ్యాహ్నం అయితే మావోళ్ళంత గీడనే పంటరు" అన్నాడు యాదగిరి.

నేను ఒక తలుపు తోసి చూశాను. అవతల సరుగుడు కర్రలు, ప్లైవుడ్డు వెనక వైపు, ఎవరిదో ఆరేసిన లుంగీ.

"దీని తర్వాత గది లేదా?"

"ఎందుకుంటది? కెమెరా గాడికి పోదు గద."

అక్కడే నా ప్రాణం ఉసూరుమంది. కెమెరా చెప్పినట్టు వింటుంది, గేమ్ ఆడేవాడు వినడు. దొంగలా ప్రతి తలుపూ తీస్తాడు, మంచం కింద చూస్తాడు, బీరువా వెనక్కి దూరుతాడు. సినిమా వాళ్ళ విద్య నాకు పనికొచ్చేలా లేదు.

నా మొహం చూసి యాదగిరి తన డబ్బా తెరిచి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టాడు. మా వైపు పులుసంటే పొయ్యి మీద గంటసేపు తెర్లాల్సిందే. ఇక్కడ చింతపండు నీళ్ళలో ఉల్లిపాయలూ, కాల్చిన మిరపకాయలూ పిసికేసి అయిపోయిందంటారు. మా అమ్మకి చెబితే పాపం గ్యాసు అయిపోయిందా అని అడుగుతుంది. కానీ ఆ ఎండలో అది అమృతంలా ఉంది, సిగ్గుపడకుండా రెండోసారి పోయించుకున్నాను.

జూబ్లీహిల్స్‌లో కాఫీ

సాయంత్రం వాసుకి ఫోన్ చేద్దామని జూబ్లీహిల్స్‌లో ఒక కాఫీ హోటల్‌కి వెళ్ళాను. ఆ ఒక్క కప్పు ధరకి రాజమండ్రిలో ఇద్దరం టిఫిన్ చేసి, ఇంటికి పార్సిల్ కూడా కట్టించుకోవచ్చు. అంత పెట్టాక లేవబుద్ధి కాక చాలాసేపు కూర్చున్నాను.

ఫోన్‌లో సిగ్నల్ సరిగ్గా లేదు. గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. "పోనీ శవాన్ని మెట్ల కింద పెడదామా? పోయినసారి బావిలో పెట్టాం కదా" అన్నాను. అన్నాక నాలుక కరుచుకుని చుట్టూ చూశాను. మా ఊళ్ళో అయితే ఈపాటికి పోలీసులొచ్చేవారు. ఇక్కడ ఒక్క తల తిరగలేదు. అటు టేబుల్ దగ్గర ఒకాయన "వాళ్ళన్నయ్యని కూడా చంపేద్దాం సార్, ఎమోషన్ బాగుంటుంది" అంటున్నాడు. వెనక టేబుల్ మీద ఏదో ఊరికి ఊరే తగలబడుతోంది. ప్రతి టేబుల్ దగ్గరా ఒకరు కథ చెబుతున్నారు, ఇంకొకరు ఫోన్ చూసుకుంటూ ఊఁ కొడుతున్నారు.

నా పక్కన కూర్చున్న గడ్డం మనిషి మాత్రం మర్యాదగా వంగి, "మేడం, ఏమీ అనుకోకండి, శవం ఇంటర్వెల్ దాకా కనపడకూడదండీ" అన్నాడు. థాంక్సండీ అన్నాను.

"ఏమైనా దొరికిందా?" అడిగాడు వాసు. లేదని చెప్పాను. "బెంగళూరులో అద్దెలు కనుక్కుంటున్నాను" అన్నాడు వాడు. మిగిలిన కాఫీ ఎలా తాగానో నాకు తెలీదు.

కామేశ్వరి గారి హాలు

మర్నాడు పొద్దున కామేశ్వరి గారింటికి వెళ్ళాను. ఫిల్మ్ నగర్‌లో ఒక ఏటవాలు వీధిలో కాగితం పూల గోడ వెనక తెల్లటి మేడ. ఆవిడది భీమవరం. నాది రాజమండ్రి అనగానే "మనమ్మాయే" అని లోపలికి లాక్కెళ్ళారు. కింది అంతస్తు సీరియళ్ళకీ సినిమాలకీ ఇస్తారు, వాళ్ళు మేడ మీద ఉంటారు.

"ఇక్కడ కూర్చో అమ్మాయ్, మజ్జిగ తెస్తాను" అని పైకి వెళ్ళారు.

హాలు నిండా ఎండ. ఎక్కడా బూజు లేదు, నేల అద్దంలా ఉంది. మధ్యలో మాత్రం ఒక కుర్చీ వెల్లకిలా పడి ఉంది. పక్కన టీపాయ్ మీద సగం తాగిన కాఫీ గ్లాసు, లోపల కాఫీ ఎండి అట్టకట్టింది. ఒక ఆడ చెప్పు ఇక్కడుంది, రెండోది కనపడలేదు. గడియారం నాలుగూ పది దగ్గర ఆగి ఉంది. గోడ మీద కళ్ళజోడుతో, గడ్డం మీద పుట్టుమచ్చతో ఒక పెద్దాయన ఫొటో, దండ వేసి ఉంది. కామేశ్వరి గారి భర్త కాబోలు, పాపం ఇంట్లో ఏదో జరిగింది అనుకున్నాను.

మా అమ్మ పెంపకం ఊరుకోనివ్వదు కదా. కుర్చీ లేపి నిలబెట్టాను. అప్పుడే ఆవిడ మజ్జిగ గ్లాసుతో దిగి, చివరి మెట్టు మీద ఆగిపోయారు.

"ఎంత పని చేశావే తల్లీ" అన్నారు.

అది కంటిన్యుటీ అట. సీరియల్లో కోడలు కోపంగా లేస్తుంది, కుర్చీ పడుతుంది. అక్కడికి షాట్ అయ్యింది. తర్వాతి షాట్ తీసేలోపు కోడలు వేరే సినిమాకి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి అక్కణ్ణుంచే తీయాలి గనక, ఏదీ అంగుళం జరగకూడదని చెప్పి యూనిట్ వెళ్ళిపోయింది. నెల దాటింది.

"అప్పట్నుంచీ ఇలాగే ఉందా?"

"ఇలాగే. తుడిచినా దాని చుట్టూనే తుడుస్తాను. మా ఆయన రోజూ దాన్ని చుట్టి వెళ్ళివెళ్ళి, మొన్న కరెంటు పోయినప్పుడు కూడా కాలు తగలకుండా వెళ్ళారు. పై నుంచి దిగగానే ముందు అదే చూస్తాను, ఉందా లేదా అని."

ఆవిడ మామూలుగానే చెప్పారు. నాకు మాత్రం వీపు మీద ఏదో పాకినట్టయింది. అప్పుడు దాన్ని పట్టించుకునే స్థితిలో లేను. కుర్చీ ఏ కోణంలో పడిందో చూపించే ఫొటోలు అసిస్టెంట్ డైరెక్టర్ దగ్గర ఉన్నాయి, అతను ఫోన్ ఎత్తడం లేదు. వచ్చేవారమే షూటింగు.

"ఎదురింటి రామ్మూర్తి గారికి కబురు పెడతానుండు. ఆ రోజంతా ఇక్కడే ఉన్నారాయన" అని కామేశ్వరి గారు మళ్ళీ పైకి వెళ్ళారు.

హాల్లో ఒక్కదాన్నే మిగిలాను. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. ఎటు తిరిగినా ఫొటోలో పెద్దాయన నన్నే చూస్తున్నట్టున్నారు. భర్త ఉన్నారంటే ఈయన మామగారై ఉంటారు. ఆయన ఇంట్లో వస్తువు ముట్టుకున్నాను కదా అనిపించింది. దగ్గరికెళ్ళి చేతులు జోడించి, "తప్పయిపోయిందండీ" అన్నాను.

"పర్లేదులేమ్మా" అని వెనక నుంచి వినపడింది.

తిరిగి చూస్తే ఆయనే. అదే కళ్ళజోడు, అదే పుట్టుమచ్చ, దండ ఒక్కటే లేదు. వెనక్కి ఒక్క అడుగు వేశాను. కుర్చీ తగిలి దభీమని పడింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని దానివైపు చూశారు. "ఆఁ, ఆ రోజు కూడా సరిగ్గా ఇలాగే పడింది. వెనక కాలు కాస్త కిటికీ వైపు" అని వంగి అంగుళం జరిపారు.

ఆయనే రామ్మూర్తి గారు. గుడివాడ నుంచి వేషాల కోసం వచ్చి, జూనియర్ ఆర్టిస్టుగా స్థిరపడిపోయారు. సీరియళ్ళలో చనిపోయిన తండ్రి ఫొటో కావాల్సి వస్తే ఈయన ఫొటోకే దండ వేస్తారట.

"బతికున్న వేషాలు తక్కువేనమ్మా. పోయాకే బిజీ అయ్యాను" అన్నారు. వాళ్ళావిడ ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా గోడకి పెట్టనివ్వదట. అందుకే అప్పుడప్పుడూ ఇక్కడికొచ్చి దండ మీద దుమ్ము దులుపుకుని వెళ్తుంటారు.

కామేశ్వరి గారు దిగొచ్చి, నా అవస్థ విని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. మా భీమవరం రుచి ఇక్కడి చేపకి రాదని తిడుతూనే కొరమీను పులుసు చేసి పెట్టారు. రామ్మూర్తి గారు తన ఫొటో కిందే కూర్చుని రెండుసార్లు వడ్డించుకున్నారు. నేనూ నవ్వాను, తిన్నాను, కానీ ఆ ఫొటో వైపు మాత్రం చూడలేదు. పొద్దున పదకొండింటికి, అంత ఎండలో, శుభ్రంగా తుడిచిన ఇంట్లో నాకు చచ్చేంత భయం వేసింది. ఇన్నాళ్ళూ నేను బూజుతో, నెత్తురుతో ఎవరినీ భయపెట్టలేకపోయాను. ఇక్కడ ఒక కుర్చీ పడి ఉంది, దాన్ని ఎవరూ కదపడం లేదు. భయానికి అది చాలు. అది కదిలిందంటే మరీ చాలు.

ఈ మాట వాసుకి ఫోన్‌లో చెప్పలేదు. చెబితే భయం వేయదు, చూపించాలి. అయితే గేమ్‌లో కుర్చీని కదిలించాలంటే కోడ్ కావాలి. కోడ్ రాసేవాడు వాసు, భయపెట్టాల్సిందీ వాసునే. అక్కడ ఇరుక్కుపోయాను.

చేతులు కడుక్కుంటూ, కోడలు కాఫీ తెచ్చే వంటిల్లు ఏదని ఊరికే అడిగాను.

"అది మాది కాదమ్మా. మా వంటింట్లో కెమెరా పట్టదని షేక్‌పేటలో వేశారు" అన్నారు కామేశ్వరి గారు.

షేక్‌పేటలో వంటిల్లు

ఆ వంటింటిని వేసింది కూడా యాదగిరే. ఫ్లైఓవర్ దాటి, పాత ఊరి సందుల్లోంచి ఒక గోడౌన్‌కి తీసుకెళ్ళాడు. లోపల గ్యాస్ పొయ్యి, పోపుల డబ్బాలు, గుమ్మానికి కామేశ్వరి గారి హాల్లో ఉన్న కర్టెనే, గోడకి అదే రంగు.

"ఆమె గిక్కడ కాఫీ కలుపుతది, గీ దర్వాజ దాటితే ఫిల్మ్ నగర్ల తేల్తది. నడుమల ట్రాఫిక్ గిట్ల ఏం ఉండది" అన్నాడు.

"చూసేవాళ్ళకి తెలీదా?"

"ఎట్ల తెలుస్తది? గుమ్మం ఒక్కతీరే ఉంటే మనిషి ఒక్క ఇల్లే అనుకుంటడు."

నేను ఆ గుమ్మంలో నిలబడిపోయాను. కుర్చీని కదిలించాల్సిన పనే లేదు. ఒక హాలు బదులు రెండు హాళ్ళు కడితే సరి. రెండూ అచ్చంగా ఒకేలా ఉంటాయి. మొదటి హాల్లో కుర్చీ పడి ఉంటుంది. అక్కణ్ణుంచి రెండు మలుపులు తిరిగే వసారా గుండా వంటింట్లోకి వెళ్ళాలి. వంటింటికి ఇంకో గుమ్మం ఉంటుంది, దానికి హాల్లో ఉన్న కర్టెనే. అది దాటినవాడు అదే హాల్లోకి తిరిగొచ్చాననుకుంటాడు. వచ్చేది రెండో హాల్లోకి, అక్కడ కుర్చీ లేచి ఉంటుంది. దీనికి ఒక్క అక్షరం కోడ్ అక్కర్లేదు. గోడలూ గుమ్మాలూ చాలు, అవి నాకు వచ్చు.

"ఏంది మేడం, నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్?"

"ఒకణ్ణి భయపెట్టాలి యాదగిరి గారూ."

"మంచిగ భయపెట్టు. ఫికర్ చెయ్యకు" అని రోడ్డు మీద చాయ్ తాగించాడు. చాయ్ అయ్యేలోపు రెండు హాళ్ళ ప్లానూ గీసేశాను.

తిరుగు ప్రయాణానికి ముందు రామ్మూర్తి గారిని కలిసి, మా గేమ్‌లో గోడకి ఫొటో ఇస్తారా అని అడిగాను.

"ఇందులోనూ పోయానా?"

"పోయారండీ."

"మంచిది" అని కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు.

రాజమండ్రి

రైలు దిగిన దగ్గర్నుంచి సోమవారం పొద్దున దాకా కంప్యూటర్ ముందే ఉన్నాను. పాత ఇంట్లోని బూజూ నెత్తురూ మొత్తం తీసేశాను. ఎండ పడే హాలు, గ్లాసు, చెప్పు, దండ వేసిన రామ్మూర్తి గారు, పడిపోయిన కుర్చీ పెట్టాను. గోడ మీద "ఏదీ కదపరాదు" అని ఒక కాగితం అంటించాను. దయ్యాన్ని పెట్టలేదు.

వాసు వచ్చి కూర్చున్నాడు. బెంగళూరు వాళ్ళు పదింటికి ఫోన్ చేస్తామన్నారట. వాడి మొహంలో అప్పటికే వీడ్కోలు కనిపిస్తోంది.

"ఇంత వెలుతురేంటి? పెళ్ళిచూపులా?" అన్నాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటూ.

వాడు హాలంతా తిరిగాడు. కాగితం చదివాడు. కుర్చీ చుట్టూ తిరిగి, వసారాలోకి వెళ్ళి, వంటింట్లో డబ్బాలు చూసి, కర్టెన్ దాటి హాల్లోకొచ్చాడు. మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది.

తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి, మా గది గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

"కుర్చీ ఎవరు లేపారు?"

"నాకేం తెలుసు? కోడ్ నీది."

"నా కోడ్‌లో వస్తువులు కదిలే లైనే లేదు సునీతా. ఇంకా రాయలేదు."

"అవునా" అన్నాను.

వాడు కోడ్ తెరిచి పై నుంచి కిందికి వెతకడం మొదలుపెట్టాడు. కింద నుంచి పైకి కూడా వెతికాడు. మళ్ళీ ఆ హాల్లోకి వెళ్ళమంటే ఉండు, ఉండు అన్నాడు. ఇంతలో ఫోన్ మోగింది.

"నమస్తే అండీ. లేదండీ, రావడం కుదరదు" అన్నాడు వాసు, కళ్ళు కంప్యూటర్ మీంచి తీయకుండానే. అవతలివాళ్ళు కారణం అడిగినట్టున్నారు. "ఇక్కడ ఒకటి కదిలిందండీ. అదేంటో తేలేదాకా నేను ఎక్కడికీ రాలేను" అని పెట్టేశాడు.

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ మింగి కూర్చున్నాను. వాడు గొంతు సవరించుకున్నాడు.

"వంటింట్లోంచి కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టవా?"

"నువ్వే వెళ్ళి తాగు."

"నువ్వు తే" అన్నాడు. లేవలేదు.

సరేనని లేచాను. వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాలంటే హాలు దాటాలి. హాల్లో ఎవరూ లేరు, వాళ్ళమ్మ గారు గుడికి వెళ్ళినట్టున్నారు. నీళ్ళు తీసుకుని వస్తూ వస్తూ, చప్పుడు కాకుండా అక్కడున్న కుర్చీని వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాలు కాస్త కిటికీ వైపు జరిపి, గదిలోకి వచ్చేశాను.